గత్తరను గత్తర అనే రాయండి: కమిషనర్ గారికి, వైద్యాధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి, తాగునీటి విభాగం ఇంజనీర్లకు, జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి,

నమస్కారం.

మా నల్లా నీళ్లలో మురుగు కలుస్తోందని, దాంతో కలరా (పెద్దల మాటలో గత్తర) అనుమానం ఉందని మా గల్లీవాళ్లం మూడుసార్లు ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం. మూడు రసీదులూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. మొదటి రెండింటికీ 'మీ ఫిర్యాదు పరిష్కారమైంది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మూడోదానికి అదీ లేదు. ఇక నలుగురూ చదివేలా రాయక తప్పడం లేదు.

నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు దవాఖానల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. వానలు మొదలవగానే ల్యాబుకు ఏ శాంపిళ్లు వస్తాయో, కొన్ని అసలు ఎందుకు రావో తెలిసినవాణ్ని. ఇప్పుడు మీ నల్లా కనెక్షన్ ఉన్న మామూలు మనిషిని. బిల్లు బాకీ లేదు.

పోయిన ఆగస్టులో మా గల్లీలో సగానికి పైగా ఇళ్లలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మూలమీద ఇస్త్రీ బండి పెట్టుకునే ఆమె ఆ వారంలోనే చనిపోయింది. రాత్రి తొమ్మిదింటికి మొదలైంది. మెడికల్ షాపు నుంచి విరేచనాలు ఆపే గోలీలు తెచ్చి వేశారు. పదకొండింటికి దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్తే ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి ఇంటికి పంపారు. తెల్లారి ఐదింటికి వాళ్ల అబ్బాయి వచ్చి తలుపు కొడితే వెళ్లాను. మంచం పక్కన బకెట్. అందులో ఉన్నది మలంలా లేదు. బియ్యం కడిగిన నీళ్లలా ఉంది, తెల్లటి పొరలు తేలుతున్నాయి, చేపల నీచు వాసన. ఆమె కళ్లు గుంటలు పడ్డాయి. వేళ్ల కొసలు పొద్దంతా రేవులో బట్టలుతికినట్టు ముడతలు పడ్డాయి. ముంజేతి మీద చర్మం పట్టి వదిలితే అలాగే నిలబడింది. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. 'అన్నా, పిక్కలు గుంజుతున్నయ్' అంది, గొంతు పైకి రాకుండా. పెద్ద దవాఖానకు ఆటో చేరేసరికి నాడి దొరకలేదు. 'గుండె ఆగిపోవడం వల్ల' అని కాగితం ఇచ్చారు. అది అబద్ధం కాదు. ఎవరు పోయినా చివరికి ఆగేది గుండే.

నాలుగో రోజు మీ సిబ్బంది వచ్చారు. ఫంక్షన్‌లో తిన్న భోజనం పడలేదని రాసుకున్నారు. ఆమె ఏ ఫంక్షన్‌కూ వెళ్లలేదు. రోడ్డుకు రెండు వైపులా బ్లీచింగ్ పౌడర్ ముగ్గు గీతల్లా పోశారు. 9 రోజులు ట్యాంకర్ వచ్చింది. పదో రోజు రాలేదు. మళ్లీ అదే నల్లా. ఇన్ని చేసినవాళ్లు ఒక్క మలం శాంపిల్ తీయలేదు. అడిగితే, 'కిట్లు లేవు సార్, అయినా అందరికీ యాంటీబయాటిక్ ఇచ్చేశాం కదా' అన్నారు.

అది కలరాయే అని నేను తీర్పు చెప్పడం లేదు. పరీక్ష చేయకుండా కాదని చెప్పే హక్కు మీకూ లేదు. నా గొడవంతా ఇదే.

మా నాయనమ్మ తరానికి ఈ జబ్బు పేరు గత్తర. కోస్తా వైపు మరిడి అనేవాళ్లు. పెద్దాపురంలో మరిడమ్మ గుడి ఇప్పటికీ ఉంది. 1813లో ఉజ్జయినిలో గత్తర లేచినప్పుడు, పటాలంతో పాటు అక్కడున్న సురిటి అప్పయ్య మొక్కుకున్నాడని, తిరిగొచ్చి సికింద్రాబాద్‌లో మహంకాళి అమ్మవారిని నిలిపాడని చెబుతారు. సూక్ష్మక్రిమి సంగతి తెలియని కాలంలోనే జనం ఈ జబ్బును పేరు పెట్టి పిలిచారు. ఇప్పుడు మన ఆఫీసుల్లో అతిసారం, ఫుడ్ పాయిజనింగ్, తీవ్ర విరేచనాలు అనే మాటలన్నీ ఉన్నాయి. కలరా అని రాయడానికి మాత్రం ఎవరికీ చేయి రాదు. రాస్తే పైనుంచి ఫోన్లు, పేపర్లో వార్త, ఎంక్వైరీ. ఆ టెన్షన్ నాకు తెలియనిది కాదు, నేనూ ఆ కుర్చీల కిందే పనిచేశాను.

2004లో మొదలైన వ్యాధుల నిఘా కార్యక్రమంలో మూడు ఫారాలు. ఏఎన్‌ఎం లక్షణాలు చూసి నింపేది ఎస్, డాక్టర్ అనుమానం మీద నింపేది పి, ల్యాబ్ నిర్ధారించి నింపేది ఎల్. ఇప్పుడు కాగితం పోయి ఆన్‌లైన్ వచ్చింది, పద్ధతి అదే. శాంపిల్ రాకపోతే ఎల్ ఫారంలో సున్నా. అక్కడ సున్నా ఉంటే జిల్లాలో కలరా లేనట్టే. కలరా లేనప్పుడు పైపు తవ్వాల్సిన పనేముంది?

ఆ సున్నా వల్ల మాలాంటి వాళ్లకు ఏమవుతోందో చెబుతాను.

1. జబ్బు ఎటునుంచి వస్తోందో తెలియక జనం తప్పు వైపు చూస్తున్నారు. బయటి బజ్జీలు, పెళ్లి భోజనం, ఎండ, దిష్టి... మా గల్లీలో వీటన్నిటి మీదా నింద పడింది. కలరా గాలిలో రాదు. పక్కన కూర్చుంటే అంటదు. రోగి మలంలోని విబ్రియో కలరే అనే క్రిమి ఇంకో మనిషి నోట్లోకి పోతేనే వస్తుంది. నీళ్లో, ఆ నీళ్లలో కడిగిన కొత్తిమీరో, కడుక్కోని చేతులో దాన్ని మోసుకొస్తాయి. లోపలికి పోయాక కొన్ని గంటల నుంచి 5 రోజుల్లోపు జబ్బు బయటపడుతుంది.

మా దగ్గర నల్లా రోజు విడిచి రోజు, గంటసేపు. మిగతా 47 గంటలు పైపు ఖాళీ. ఆ పైపు పోయేది మోరీలోంచి, మురుగులో మునిగి. నీళ్లు ఆపగానే లోపల ప్రెషర్ పోతుంది. జాయింట్ దగ్గర చిన్న పగులున్నా చాలు, బయటి మురుగు లోపలికి దిగుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ముందుగా మా బిందెల్లోకి వచ్చేది అదే. నల్లాకు నేరుగా మోటర్లు బిగించుకున్న మావాళ్లు ఈ పీల్చుడును ఇంకా పెంచుతున్నారు. ఆ తప్పు మాది, ఒప్పుకుంటున్నాను. నల్లా మూతికి పాత బనీను గుడ్డ కట్టుకోవడం మా ఇళ్లలో అలవాటు. ఆగస్టులో ఒక గుడ్డ విప్పి మీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి చూపించాను. నల్లటి జిగట, అందులో చుట్టుకున్న తల వెంట్రుకలు. 'మొదటి రెండు బిందెలు పారబోసుకోండి' అన్నారు. రెండు బిందెలు పారబోస్తే రంగు పోతుంది సార్, క్రిమి పోదు.

ఇంకో సంగతి. క్రిమి సోకినవాళ్లలో చాలామందికి జబ్బే కనిపించదు, లేదంటే నాలుగు విరేచనాలతో తగ్గిపోతుంది. అయినా 1 నుంచి 10 రోజుల దాకా వాళ్ల మలంలో అది బయటికి వస్తూనే ఉంటుంది. మంచం పట్టిన ఒక్కరిని చూసి 'ఒక్క కేసే' అనుకుంటే, తెలియకుండానే మోరీలోకి క్రిమిని వదులుతున్నవాళ్లు లెక్కలోకి రారు. కడుపులోని ఆమ్లం చాలా క్రిములను చంపుతుంది. రోజూ గ్యాస్ గోలీ మింగేవాళ్లకు ఆ కాపలా కూడా తక్కువ. మా గల్లీలో గ్యాస్ గోలీ మింగని పెద్దమనిషి లేడు.

2. గంటల్లో ప్రాణం తీసే జబ్బును జనం 'మోషన్స్' అనుకుని తెల్లారేదాకా ఆగుతున్నారు. ఈ క్రిమి రక్తంలోకి పోదు, పేగును కొరకదు. చిన్నపేగు లోపలి గోడకు అతుక్కుని ఒక విషం వదులుతుంది. ఆ విషం సంగతిని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే అనే శాస్త్రవేత్త కుందేలు పేగుల మీద ప్రయోగాలతో రుజువు చేశారు. అది పేగు కణాల్లో క్లోరైడ్ బయటికి పోయే దారిని మూతపడకుండా తెరిచిపెడుతుంది. ఉప్పు పోయిన వెనకే నీళ్లు పోతాయి. తీవ్రమైన కేసులో గంటకు లీటరు దాకా పోవచ్చు. సాధారణంగా జ్వరం ఉండదు, కడుపునొప్పి పెద్దగా ఉండదు. అందుకే ఇంట్లోవాళ్లు 'తగ్గిపోతుందిలే' అనుకుంటారు. ఇంతలో సోడియం, పొటాషియం, బైకార్బొనేట్ పోయి కండరాలు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది, మూత్రం ఆగిపోతుంది.

వైద్యం అందకపోతే తీవ్రమైన కేసుల్లో సగం మంది దాకా చనిపోవచ్చు. సమయానికి అందితే నూటికి ఒక్కరు కూడా పోరు. ఇంత మందు ఉన్న జబ్బుతో మనిషి పోవడం అంటే జబ్బు వల్ల పోయినట్టు కాదు.

3. పేరు తెలియకపోతే వైద్యం లెక్క తప్పుతోంది. ఒంట్లో నీళ్లు తీవ్రంగా ఎండిపోయిన 60 కిలోల మనిషికి కిలోకు 100 మిల్లీలీటర్ల చొప్పున 6 లీటర్లు ఎక్కించాలి. అరలీటరు బాటిళ్లయితే 12. అందులో కిలోకు 30 మిల్లీలీటర్లు, అంటే మూడున్నర బాటిళ్లకు పైగా, మొదటి అరగంటలోనే పోవాలి. మిగతాది రెండున్నర గంటల్లో. ఏడాది లోపు పిల్లలకైతే మొదటి భాగం గంటలో, రెండోది 5 గంటల్లో. అదీ రింగర్ లాక్టేట్ అనే, లవణాలు కలిసిన సెలైన్. ఉత్త గ్లూకోజ్‌లో పోయిన లవణాలు ఉండవు. మా ఇస్త్రీ ఆమెకు ఎక్కించింది గ్లూకోజ్, అదీ ఒకే ఒక్క బాటిల్. ఆ క్లినిక్ నడిపే ఆయన చెడ్డవాడేం కాదు, అర్ధరాత్రి తలుపు తీసిన మనిషి. గల్లీలో కలరా అనుమానం ఉందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

విరేచనాలు ఆపే గోలీలు ఇందులో వాడకూడదు. పేగు కదలిక తగ్గుతుందే గానీ లోపల నీళ్లు ఊరడం ఆగదు. యాంటీబయాటిక్ పనికొస్తుంది. డాక్టర్ చూసి ఇచ్చే ఒక్క డోసు డాక్సీసైక్లిన్‌తోనో, అజిత్రోమైసిన్‌తోనో జబ్బు రోజులు తగ్గుతాయి. కానీ అది ముఖ్యంగా తీవ్రమైన కేసులకు, అదీ నీళ్లు ఎక్కిస్తూనే. గల్లీ మొత్తానికి పంచి చేతులు దులుపుకోవడానికి కాదు.

తాగగలిగిన మనిషికి సూదే అక్కర్లేదు. విషం ఒక దారి తెరిచిపెట్టినా, చక్కెరతో కలిసి ఉప్పు పేగులోంచి ఒంట్లోకి పోయే ఇంకో దారిని అది ముట్టుకోదు. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఆ దారిలోనే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్‌లో శరణార్థుల దగ్గర సెలైన్ నిండుకుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడాబైకార్బ్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి 30 దాకా ఉన్న చావులు 4 కన్నా తక్కువకు పడిపోయాయి. 2023లో, ఆయన పోయాక, పద్మవిభూషణ్ ఇచ్చారు. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టి తియ్యటి జ్యూస్ డబ్బాలు అమ్ముతుంటే హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో గానీ కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించలేదు. ఇంత చరిత్ర ఉన్న ప్యాకెట్ ఆగస్టులో మా బస్తీ దవాఖానలో స్టాకు లేదు.

చదువుతున్న అక్కాచెల్లెళ్ల కోసం రాస్తున్నాను: ప్యాకెట్ దొరక్కపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చదును టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు. ఉప్పు ఎక్కువ కాకూడదు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచా చెంచా పట్టండి. చంటిపిల్లకు తల్లిపాలు మానొద్దు. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్, 10 నుంచి 14 రోజులు. అది దవాఖానలో అడిగి తీసుకోండి. పిల్ల మగతగా పడి ఉంటే, తాగలేకపోతే, మూత్రం రాకపోతే ఇంట్లో ఉంచొద్దు. ఓఆర్‌ఎస్ పడుతూనే ఆటో ఎక్కండి.

4. నల్లా నీళ్లు తాగేది ఇంకో దారి లేనివాళ్లే. ఉన్నవాళ్లు క్యాన్ వేయించుకుంటారు. రోజూ క్యాన్ కొనలేని ఇంట్లో ఒకరు పడితే, చూసుకోవడానికి ఇంకొకరి కూలి పోతుంది. ఇప్పుడు ఇస్త్రీ బండి దగ్గర వాళ్ల అబ్బాయి నిలబడుతున్నాడు. ఇంటర్ సెకండియర్ మధ్యలో ఆపేశాడు. బొగ్గుల పెట్టె ఎత్తడం ఇంకా అలవాటు కాలేదు, చేతి మీద రెండు కాలిన మచ్చలున్నాయి.

ట్యాంకర్ గురించి కూడా ఒక మాట అనాలి. 1854లో లండన్‌లోని సోహోలో కలరా లేచినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ చచ్చినవాళ్ల ఇళ్లను లెక్కగట్టి, బ్రాడ్ స్ట్రీట్ బోరింగ్ నీళ్లే కారణమని చెప్పాడు. సెప్టెంబర్ 8న అధికారులు ఆ బోరింగ్ పిడి తీసేశారు. ఇది అందరూ చెప్పుకునేదే. తర్వాత జరిగింది తక్కువమంది చెబుతారు. జబ్బు తగ్గాక పిడిని మళ్లీ బిగించారు. మరుసటి ఏడాది తవ్వి చూస్తే, బావికి మూడడుగుల దూరం కూడా లేని పాయఖానా గుంత ఇటుకలు శిథిలమై మురుగు బావిలోకి కారుతోంది. తవ్వితేనే తెలిసింది. మా 9 రోజుల ట్యాంకర్ పిడి తీయడం లాంటిది. పదో రోజు పిడి మళ్లీ బిగించారు. తవ్వడం మాత్రం ఇంకా జరగలేదు.

మన దగ్గర ఇది మొదటిసారి కూడా కాదు. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో తాగునీళ్లలో మురుగు కలిసి ప్రాణాలు పోయాయి. 2024 అక్టోబర్‌లో విజయనగరం జిల్లా గుర్లలో విరేచనాలు జనాన్ని పొట్టనపెట్టుకున్నాయి. మా గల్లీ పేరు ఈ వరుసలో చేరేదాకా ఆగమంటారా?

మేం అడుగుతున్నవి ఇవి. ఒక్కటి కూడా కొత్త స్కీమ్ కాదు.

1. వానలు పడేలోపు మా గల్లీ లైను తవ్వండి. మోరీలోంచి పోయే పైపును, సర్వీసు కనెక్షన్లను బయటికి తీసి, మోరీకి దూరంగా, దానికంటే ఎత్తులో వేయండి. నేరుగా బిగించిన మోటర్లను మీరు తీయించండి, మేం అడ్డురాం. ముందుగా మా ఇంటి మోటరే తీయండి.

2. క్లోరిన్‌ను ట్యాంకు దగ్గర కాదు, లైను చివరి ఇంట్లో కొలవండి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. జబ్బులు తిరుగుతున్నప్పుడు 0.5 ఉంచండి. రెండు చుక్కల మందు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరిగే చిన్న కిట్ చాలు. అంకెను రోజూ వార్డు ఆఫీసు బోర్డు మీద రాయండి. కిట్ ఇస్తే నేనే ఉచితంగా చేస్తాను. బ్లీచింగ్ వేయాల్సింది నీళ్లలో, రోడ్డు మీద కాదు. మూతి విప్పి నెలల తరబడి ఉంచిన బస్తాలో బలం ఉండదన్న సంగతి మీ స్టోర్ కీపర్‌కు చెప్పండి.

3. ఒకే గల్లీలో వాంతులు, విరేచనాల కేసులు వరసగా కనిపిస్తే, యాంటీబయాటిక్ వేయకముందే కనీసం ఐదుగురి మలం శాంపిళ్లు తీయండి. కావాల్సింది ఒక స్వాబ్ (దూది పుల్ల), ల్యాబుకు చేరేదాకా క్రిమిని బతికించి ఉంచే కేరీ-బ్లెయిర్ మీడియం ఉన్న ట్యూబు. మీడియంలో పెట్టాక ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. కలరా క్రిమి ఉంటే, ల్యాబులో దాన్ని పెంచే టీసీబీఎస్ ప్లేటు మీద మర్నాటికి పసుపు రంగు చుక్కలు లేస్తాయి. ఆ చుక్కలు చూసిన రాత్రుళ్లు నాకు నిద్ర పట్టేది కాదు, రిపోర్టు మీద మొదటి సంతకం నాది కాబట్టి. అయినా పెట్టాను. ఇప్పుడున్న పిల్లలూ పెడతారు, మీరు శాంపిల్ పంపితే.

4. ఫలితం ఏదైనా రాతపూర్వకంగా వార్డులో చెప్పండి. కలరా అయితే కలరా అనే రాయండి. చుట్టుపక్కల క్లినిక్‌లకు, ఆర్‌ఎంపీలకు, మెడికల్ షాపులకు అదే రోజు కబురు పంపండి.

5. బస్తీ దవాఖానలో జూన్ నుంచి అక్టోబర్ దాకా ఓఆర్‌ఎస్, జింక్, రింగర్ లాక్టేట్ నిండుకోకుండా చూడండి. ఆశా కార్యకర్తల సంచిలో ప్యాకెట్లు ఉండాలి.

6. రెండుసార్లు వరుసగా నీళ్ల పరీక్ష బాగుందని తేలేదాకా ట్యాంకర్ ఆపొద్దు.

7. ఆగస్టు నాటి ఆ చావు మీద విచారణ జరిపి, ఆ ఇంట్లోవాళ్లకు ఏం జరిగిందో చెప్పండి. ఎవరినో సస్పెండ్ చేయమని అడగడం లేదు.

టీకా వేయించమని అడగొచ్చు కదా అని కొందరు మిత్రులన్నారు. నోటి చుక్కల కలరా టీకా మన హైదరాబాద్‌లోనే తయారైంది, శాంతా బయోటెక్ వాళ్లది 2009లో, భారత్ బయోటెక్ వాళ్లది ఈ మధ్య. గర్వంగానే ఉంది. కానీ టీకా వేసుకున్నా మోరీ నీళ్లు మోరీ నీళ్లే. ముందు పైపు.

మా నల్లా వచ్చేది పొద్దున ఐదున్నరకు. మీలో ఎవరు, ఏ రోజు వస్తామన్నా సరే, ముందురోజు కబురు చేయండి. బనీను గుడ్డ విప్పకుండా ఉంచుతాను. మొదటి బిందె మీ ముందే పడదాం.

ఇట్లు,
మీ పరిధిలోని ఒక నల్లా కనెక్షన్‌దారు,
రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్